గాస్ నుండి టెస్లా దాకా: అయస్కాంత ప్రమాణాల మార్పిడి

ప్రకృతిని పరిశీలించుట, పరిశీలించినదానిని కొలుచుట, కొలిచినదానిని ఇతరులకు సందేహం లేకుండా తెలియజేయుట - ఈ మూడును భౌతికశాస్త్రానికి మూలస్తంభాలు. మొదటి రెండింటిని మన విద్యార్థులు శ్రద్ధగా నేర్చుకొనుచున్నారు. మూడవదానిలో మాత్రం తరచు తడబడుచున్నారు. ఆ తడబాటుకు గల ఒక ముఖ్యకారణాన్ని వివరించుటయే ఈ వ్యాసోద్దేశం.

కొంతకాలం క్రితం ఒక విద్యార్థి ప్రయోగపుస్తకం దిద్దుటకై నా యెదుటికి వచ్చినది. దండాయస్కాంతపు భ్రామకాన్ని డిఫ్లెక్షన్ మాగ్నెటోమీటరుతో కనుగొను ప్రయోగం అది. పరిశీలనలు చక్కగా ఉన్నవి. సూచిక రెండు కొనలను చదివినాడు, అయస్కాంతాన్ని త్రిప్పి మరల చదివినాడు, సగటు తీసినాడు. చివరి ఫలితం మాత్రం 14,008 ఆంపియర్-చదరపు మీటర్లు! అంత భ్రామకం రావలెనన్న, సంతృప్తస్థితి వరకు అయస్కాంతీకరించిన ఇనుము 60 కిలోగ్రాములకు పైగా కావలెను. ఆ విద్యార్థి ఆ అయస్కాంతాన్ని రెండు వ్రేళ్ళతో పట్టుకొని స్కేలుపై జరిపినాడు.

తప్పు ఎక్కడ జరిగినదని చూడగా విషయం తేటతెల్లమైనది. సూత్రాన్ని క్రొత్త పుస్తకం నుండి తీసికొన్నాడు. భూ అయస్కాంత క్షేత్రపు క్షితిజ సమాంతరాంశం 0.38 అను విలువను పాత పుస్తకం నుండి తీసికొన్నాడు. రెండును సరియైనవే, రెండింటి కలయిక తప్పు. మా ప్రయోగశాల అలమారలో రెండు కాలాలకు చెందిన గ్రంథాలు ప్రక్కప్రక్కనే ఉన్నవి. ఏ పుస్తకం ఏ పద్ధతిలో వ్రాయబడినదో చెప్పువారు లేనప్పుడు, నింద ఆ బాలునిపై మాత్రమే మోపుట న్యాయం కాదు.

ఒకే పేరు, రెండు విలువలు

మన పెద్దలకు ఇటువంటి చిక్కు క్రొత్తది కాదు. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా రూపాయి చెలామణి అయ్యేది. సరిహద్దు దాటగానే బ్రిటిష్ ఇండియా రూపాయి. దానిని జనం కల్దారు అనేవారు. సుమారు 7 హాలీ రూపాయలు 6 కల్దారు రూపాయలకు సమానం. రెండింటి పేరూ రూపాయే. కాని పత్రంలో 'వంద రూపాయలు' అని మాత్రమే వ్రాసి, ఏ రూపాయో వ్రాయనివాడు తగవు కొనితెచ్చుకొన్నట్లే. అయస్కాంత శాస్త్రంలోను అచ్చముగా ఇదే పరిస్థితి. అయితే ఇక్కడ నిష్పత్తి 7కు 6 కాదు; కొన్నిచోట్ల పదివేలు, కొన్నిచోట్ల పదికోట్లు, మరికొన్నిచోట్ల 4π.

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంగా ప్రారంభమైనది. అంతకు ముందే, 1917లో, దారుల్ తర్జుమా స్థాపించబడి శాస్త్రగ్రంథాల అనువాదం మొదలైనది. ఉర్దూలో మిఖ్నాతీస్ అని, తెలుగులో ఇనుమునకు ప్రియమైనదను అర్థంలో అయస్కాంతమని మనం పిలుచు వస్తువు ఒక్కటే. భాష మారినంత మాత్రాన దాని బలం మారదు. ప్రమాణం మారినను బలం మారదు. దానిని తెలుపు సంఖ్య మాత్రమే మారును. ఈ ఒక్క సంగతిని మనస్సునందు నిలుపుకొన్నచో మిగిలిన విషయమంతయు సులభగ్రాహ్యమగును.

పాత ప్రమాణాల పుట్టుక

అయస్కాంత సూచిక దిక్కు చూపునని లోకానికి ఎన్నడో తెలియును. 13వ శతాబ్ది చివర యెమన్ సుల్తాను అల్ అష్రఫ్ ఖిబ్లా దిశను నిర్ణయించుటకు సూచికను ఉపయోగించు విధానాన్ని వ్రాసియున్నాడు. కాని సూచికను త్రిప్పు బలం ఎంత? ఒక ఊరి బలాన్ని మరొక ఊరి బలంతో పోల్చుట పూర్వం సాధ్యమైనదే. ఏ ప్రత్యేక సూచికపైనా ఆధారపడని కొలత మాత్రం సాధ్యం కాలేదు. ఆ పని చేసినవాడు జర్మనీ దేశపు గణితవేత్త గాస్ (1777-1855). 1832 డిసెంబరులో గోటింగెన్ నగరంలో సమర్పించిన పత్రంలో, భూ అయస్కాంత తీవ్రతను పొడవు, ద్రవ్యరాశి, కాలం అను మూడింటితోనే చెప్పవచ్చునని ఆయన నిరూపించెను. ఆయన ఎన్నుకొన్నవి మిల్లీమీటరు, మిల్లీగ్రాము, సెకను. ఆ లెక్కలో గోటింగెన్ క్షితిజ సమాంతర తీవ్రత సుమారు 1.78.

తరువాత 1873లో బ్రిటిష్ అసోసియేషన్ సంఘం సెంటీమీటరు, గ్రాము, సెకనులను సిఫారసు చేసినది. ఇదే మన పెద్దలు చదివిన సి.జి.ఎస్. పద్ధతి. 1900లో పారిస్ విద్యుత్ మహాసభ గాస్, మాక్స్‌వెల్ అను పేర్లను ఆమోదించినది. కాని గాస్ అను పేరు ఏ రాశికి చెందినదన్న విషయాన్ని అందరును ఒకేరీతిగా అర్థం చేసికొనలేదు. కొందరు క్షేత్ర తీవ్రతకు, కొందరు అయస్కాంత ప్రేరణకు వాడిరి. చివరకు 1930లో అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం ఈ రెండును వేర్వేరు రాశులని నిర్ణయించి, ప్రేరణకు గాస్ పేరును, క్షేత్ర తీవ్రతకు ఆయిర్‌స్టెడ్ పేరును నిలిపినది. విద్యుత్ప్రవాహం సూచికను కదల్చునని 1820లో కనుగొన్న డెన్మార్క్ శాస్త్రజ్ఞుడే ఆయిర్‌స్టెడ్. కావున 1930కి పూర్వపు గ్రంథాలలో గాస్ అను మాట కనబడినప్పుడు, అది ఏ రాశిని ఉద్దేశించినదో సందర్భాన్ని బట్టి గ్రహించవలెను.

క్రొత్త పద్ధతి

1901లో ఇటలీ ఇంజనీరు జార్జి ఒక సూచన చేసెను. మీటరు, కిలోగ్రాము, సెకనులకు తోడుగా ఒక విద్యుత్ ప్రమాణాన్ని కూడ మూలప్రమాణంగా స్వీకరించినచో, ఇంజనీర్లు వాడు వోల్టు, ఆంపియర్‌లు శాస్త్రజ్ఞుల ప్రమాణాలతో సరిపోవునని ఆయన వాదన. ఇదే క్రమంగా పెరిగి 1960లో అంతర్జాతీయ ప్రమాణ పద్ధతిగా, అనగా ఎస్.ఐ. పద్ధతిగా, వెలసినది. ఆ సంవత్సరమే అయస్కాంత ప్రేరణ ప్రమాణానికి నికొలా టెస్లా (1856-1943) పేరు స్థిరపడినది. అభివాహ ప్రమాణానికి గాస్ సహచరుడైన వెబర్ పేరు లభించినది. మన దేశంలో 1956 నాటి చట్టం మెట్రిక్ తూనికలు, కొలతలను ప్రవేశపెట్టగా, 1976 నాటి చట్టం ఎస్.ఐ. పద్ధతిని స్వీకరించినది.

గాస్‌కు, టెస్లాకు సంబంధం ఎట్లు వచ్చినది?

1 టెస్లా 10,000 గాస్‌లకు సమానమని కంఠస్థం చేయుట సులభమే. కాని కంఠస్థం చేసినది పరీక్షనాడు తలక్రిందులగును. ఎట్లు వచ్చినదో తెలిసినచో తలక్రిందులు కాదు.

క్షేత్రానికి లంబంగా ఉన్న తీగలో విద్యుత్తు ప్రవహించునప్పుడు తీగపై బలం పనిచేయును. 1 మీటరు తీగలో 1 ఆంపియర్ ప్రవహించగా 1 న్యూటన్ బలం కలిగినచో ఆ క్షేత్రం 1 టెస్లా. పాత పద్ధతిలో 1 సెంటీమీటరు తీగలో ఒక సి.జి.ఎస్. విద్యుదయస్కాంత ప్రమాణపు ప్రవాహం ఉండి 1 డైన్ బలం కలిగినచో ఆ క్షేత్రం 1 గాస్. ఇక్కడ మూడు విషయాలు గమనింపదగినవి. 1 డైన్ 10⁻⁵ న్యూటన్. 1 సెంటీమీటరు 10⁻² మీటరు. పాత ప్రవాహ ప్రమాణం 10 ఆంపియర్లు. కాబట్టి,

1 గాస్ = 10⁻⁵ న్యూటన్ ÷ (10 ఆంపియర్ × 10⁻² మీటరు) = 10⁻⁵ ÷ 10⁻¹ = 10⁻⁴ టెస్లా.

విద్యార్థులు సాధారణంగా మరచునది ఆ మూడవ అంశాన్నే. డైన్‌ను, సెంటీమీటరును మార్చి, ప్రవాహాన్ని మార్చకుండ విడిచినచో సమాధానం పదిరెట్లు తప్పును.

అభివాహం అనగా క్షేత్రాన్ని వైశాల్యంతో గుణించగా వచ్చునది. 1 మాక్స్‌వెల్ అనగా 1 గాస్ × 1 చదరపు సెంటీమీటరు. అది 10⁻⁴ × 10⁻⁴, అనగా 10⁻⁸ వెబర్. కనుక 1 వెబర్ పదికోట్ల మాక్స్‌వెల్‌లకు సమానం.

4π ఎక్కడి నుండి వచ్చినది?

ఇంతవరకు పది ఘాతములతోనే పని గడచినది. క్షేత్ర తీవ్రత దగ్గర క్రొత్త అతిథి ప్రవేశించును. 1 ఆయిర్‌స్టెడ్ అనగా 1000ను 4πతో భాగించగా వచ్చు ఆంపియర్లు ప్రతి మీటరుకు, అనగా 79.58. ఈ 4π ఎందుకు?

ఒక బిందువు నుండి నలువైపుల వ్యాపించు బలరేఖలు గోళోపరితలంపై పరచుకొనును. గోళోపరితల వైశాల్యం 4π × వ్యాసార్ధ వర్గం. కావున ఈ 4π లెక్కలో ఎక్కడో ఒకచోట కనబడక తప్పదు. పాత పద్ధతివారు ధ్రువాల మధ్య బలసూత్రాన్ని 4π లేకుండ వ్రాసిరి. అందువల్ల అది సాలినాయిడ్ సూత్రంలో ప్రత్యక్షమైనది. క్రొత్త పద్ధతివారు సాలినాయిడ్ సూత్రాన్ని 4π లేకుండ వ్రాసిరి. అందువల్ల అది బిందు బలసూత్రంలోకి వెళ్ళినది. ఇంటిలోని పెట్టెను ఒక గది నుండి మరొక గదికి మార్చినట్లే. పెట్టె మాత్రం ఇంటిలోనే ఉన్నది.

పొడవైన సాలినాయిడ్‌ను తీసికొందము. క్రొత్త పద్ధతిలో క్షేత్ర తీవ్రత = మీటరుకు చుట్ల సంఖ్య × ఆంపియర్లు. పాత పద్ధతిలో క్షేత్ర తీవ్రత = 4π × సెంటీమీటరుకు చుట్ల సంఖ్య × పాత ప్రవాహ ప్రమాణాలు. మీటరుకు 1 చుట్టు, 1 ఆంపియర్ ఉన్న క్షేత్రం క్రొత్త లెక్కలో 1. అదే పాత లెక్కలో 4π × 0.01 × 0.1 = 0.012566 ఆయిర్‌స్టెడ్. దానిని తలక్రిందులు చేయగా 79.58 వచ్చును.

విద్యార్థుల సౌకర్యార్థం ముఖ్యమైన మార్పిడులను ఒకచోట చేర్చుచున్నాను.

అయస్కాంత ప్రేరణ: 1 గాస్ = 10⁻⁴ టెస్లా
సూక్ష్మ క్షేత్రం: 1 గామా = 10⁻⁵ గాస్ = 1 నానోటెస్లా
అభివాహం: 1 మాక్స్‌వెల్ = 10⁻⁸ వెబర్
క్షేత్ర తీవ్రత: 1 ఆయిర్‌స్టెడ్ = 79.58 ఆంపియర్/మీటరు
అయస్కాంత భ్రామకం: 1 సి.జి.ఎస్. ప్రమాణం = 10⁻³ ఆంపియర్-చదరపు మీటరు
ధ్రువసత్వం: 1 సి.జి.ఎస్. ప్రమాణం = 10⁻¹ ఆంపియర్-మీటరు
అయస్కాంతీకరణ: 1 సి.జి.ఎస్. ప్రమాణం = 1000 ఆంపియర్/మీటరు
ససెప్టిబిలిటీ (ఘనపరిమాణపు): సి.జి.ఎస్. విలువ × 4π = ఎస్.ఐ. విలువ

మన ప్రయోగం మరొకసారి

ఇప్పుడు ఆ విద్యార్థి లెక్కను మరల చేయుదము. అయస్కాంత మధ్యబిందువు నుండి సూచిక దూరం 20 సెంటీమీటర్లు. అయస్కాంతపు అర్ధపొడవు 4 సెంటీమీటర్లు. అపవర్తనం 45 డిగ్రీలు, దాని టాంజెంటు 1. క్షితిజ సమాంతరాంశం 0.38.

పాత పద్ధతిలో: దూర వర్గం నుండి అర్ధపొడవు వర్గాన్ని తీసివేయగా 384, దాని వర్గం 1,47,456. దీనిని 0.38తో గుణించి, దూరానికి రెట్టింపైన 40తో భాగించగా భ్రామకం సుమారు 1401 సి.జి.ఎస్. ప్రమాణాలు.

క్రొత్త పద్ధతిలో: దూరాలు 0.20, 0.04 మీటర్లు. వర్గాల భేదం 0.0384, దాని వర్గం 0.00147456. క్షేత్రం 0.38 × 10⁻⁴ టెస్లా. క్రొత్త సూత్రంలో 10⁷ అను గుణకం అదనంగా ఉండును. కాగా 10⁷ × 0.38 × 10⁻⁴ × 0.00147456 ÷ 0.40 = 1.401 ఆంపియర్-చదరపు మీటర్లు.

1401ని 10⁻³తో గుణించినచో 1.401. రెండు దారులును ఒకే ఊరికి చేరినవి. ఆ విద్యార్థి 0.38ని 10⁻⁴తో గుణించక నేరుగా వ్రాయుటచేతనే ఫలితం పదివేల రెట్లు పెరిగినది.

ఇచ్చట ఒక హెచ్చరిక. గాలిలో ప్రేరణ, క్షేత్ర తీవ్రతల సంఖ్యలు పాత పద్ధతిలో ఒకటే: 0.38 గాస్, 0.38 ఆయిర్‌స్టెడ్. అందుచేత పెద్దలు ఒకదానికి బదులు మరొకటి వాడినను నష్టం కలుగలేదు. క్రొత్త పద్ధతిలో ఆ సౌకర్యం లేదు. 0.38 గాస్ 38 మైక్రోటెస్లా అగును, 0.38 ఆయిర్‌స్టెడ్ 30.24 ఆంపియర్/మీటరు అగును. టెస్లా కోరు సూత్రంలో 30.24ను వేయుట మరొక పెద్ద పొరపాటు.

పాత పట్టికలను ఎందుకు కాపాడవలెను?

'పాతవి ఎందుకు, క్రొత్తవి చాలును కదా' అని కొందరు విద్యార్థులు అడుగుచుందురు. దీనికి బొంబాయిలోని కొలాబా పరిశీలనాలయమే తగిన సమాధానం. అక్కడ 1841 నుండి అయస్కాంత పరిశీలనలు జరిగినవి. తరువాత నగరంలో విద్యుత్ ట్రాములు రానున్నవని, వాటి ప్రవాహం సూచికలను కలవరపెట్టునని తెలిసి, పరిశీలనాలయాన్ని అలీబాగ్‌కు తరలించిరి. 1904 నుండి 1906 వరకు రెండుచోట్లను సరిపోల్చి చూచిన పిమ్మటనే కొలాబా పరిశీలనలను ఆపిరి. పాతదానికి, క్రొత్తదానికి నడుమ వంతెన కట్టనిదే పాతదానిని విడువరాదన్న వివేకం ఇందులో కలదు.

1859 సెప్టెంబరు 1, 2 తేదీలలో భూమిని మహా అయస్కాంత తుపాను తాకినది. ఆ సమయంలో కొలాబాలో క్షితిజ సమాంతరాంశం సుమారు 1600 నానోటెస్లాలు పడిపోయినదని 2003లో ప్రచురితమైన పరిశోధన తేల్చినది. పాత లెక్కలో అది 1600 గామాలు, అనగా 0.016 గాస్. చూచుటకు అల్పమే; కాని 1989 మార్చి 13న కెనడాలోని క్యూబెక్ రాష్ట్రాన్ని సుమారు తొమ్మిది గంటలు చీకటిలో ముంచిన తుపానులో, భూమధ్యరేఖా ప్రాంతాల సగటు తగ్గుదల సుమారు 589 నానోటెస్లాలు మాత్రమే. 1859 నాటి తుపాను నేడు వచ్చినచో విద్యుత్ వ్యవస్థలు ఏమగునన్న ప్రశ్నకు సమాధానం వెదకువారికి ఆ పాత చిట్టాలే ఆధారం. వాటిని సరిగా మార్చనివాడు ప్రమాదాన్ని పదిరెట్లు తగ్గించియో, హెచ్చించియో చూపును.

19వ శతాబ్దిలో ఆంగ్లేయులు వాడిన మరొక పద్ధతి అడుగు, గ్రెయిన్, సెకనులది. ఆ పద్ధతిలో 1 ప్రమాణం 0.0461 గాస్. ఒక పాత పట్టికలో 8.1 అని ఉన్నదనుకొందము. 8.1 × 0.0461 = 0.373 గాస్, అనగా సుమారు 37,300 నానోటెస్లాలు. గాస్ మహాశయుని 1.78ని కూడ ఇట్లే మార్చవచ్చును: ఆయన ప్రమాణం 0.1 గాస్ కనుక అది 0.178 గాస్, లేదా 17.8 మైక్రోటెస్లా. మన హైదరాబాదులో క్షితిజ సమాంతరాంశం సుమారు 40 మైక్రోటెస్లా. ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ప్రాంగణంలో 1960 దశకం నుండి దీనిని కొలుచుచున్నారు. భూమధ్యరేఖకు దగ్గరైనకొలది క్షితిజ సమాంతరాంశం ఎక్కువగునన్న సత్యం, రెండు సంఖ్యలను ఒకే ప్రమాణంలోకి తెచ్చినప్పుడే కంటికి కనబడినది. 1.78ని, 0.40ని అట్లే ప్రక్కన పెట్టినచో అందుకు పూర్తిగా విరుద్ధమైన నిర్ణయానికి వచ్చెదము.

ప్రమాణం లేని సంఖ్య కూడ మారును

అన్నింటికన్న మోసపుచ్చునది ససెప్టిబిలిటీ. దానికి ప్రమాణం లేదు. ప్రమాణం లేనిది మారనవసరం లేదని తోచును. కాని మారును. పాత పద్ధతిలో ప్రేరణ అనగా క్షేత్ర తీవ్రతకు 4π రెట్ల అయస్కాంతీకరణను కలుపగా వచ్చునది. క్రొత్త పద్ధతిలో ఆ కూడికలో 4π లేదు. అందువల్ల నీటి ససెప్టిబిలిటీ పాత పట్టికలో మైనస్ 0.72 × 10⁻⁶ అని, క్రొత్త పట్టికలో మైనస్ 9.05 × 10⁻⁶ అని ఉండును. నీరు మారలేదు, 12.57 రెట్ల తేడా కేవలం 4π చేసిన పని. సాపేక్ష పెర్మియబిలిటీ మాత్రం రెండు పద్ధతులలోను ఒక్కటే. కావున సందేహం కలిగినప్పుడు పెర్మియబిలిటీని లెక్కించి సరిచూచుకొనుట ఉత్తమం.

మరొక విశేషం. 2019 మే 20 వరకు శూన్యపు పెర్మియబిలిటీ 4π × 10⁻⁷ అని కచ్చితంగా నిర్వచించబడియుండెను. ఆనాడు ఎస్.ఐ. మూలప్రమాణాలు క్రొత్తగా నిర్వచింపబడగా అది ప్రయోగం ద్వారా కొలువవలసిన రాశి అయినది. తేడా వందకోట్లలో ఒక వంతుకన్న తక్కువ. మన ప్రయోగశాలకు దానివలన భేదం లేకున్నను, శాస్త్రంలో శాశ్వతమనుకొన్నది సైతం సవరణకు లోబడునని తెలిసికొనుట విద్యార్థికి మేలు.

నేటికీ రెండును నడుచుచున్నవి

పాత ప్రమాణాలు పూర్తిగా అంతరించినవని భావింపరాదు. అయస్కాంతాలు తయారుచేయువారు నేటికీ గాస్, ఆయిర్‌స్టెడ్‌లు వాడుచున్నారు. 40 మెగాగాస్-ఆయిర్‌స్టెడ్ అని వ్రాసిన నియోడిమియం అయస్కాంతపు శక్తి లబ్ధం 318 కిలోజౌళ్ళు ప్రతి ఘనపు మీటరుకు. వైద్యశాలలోని 1.5 టెస్లా ఎం.ఆర్.ఐ. యంత్రపు క్షేత్రం 15,000 గాస్. మన నగరపు క్షితిజ సమాంతరాంశానికి సుమారు 37,500 రెట్లు. గుండెకు పేస్‌మేకర్ అమర్చినవారు దాటరాదని ఆ యంత్రం చుట్టూ గీచిన హద్దును ఎంతోకాలంగా '5 గాస్ గీత' అని పిలుచుచు వచ్చిరి. అది 0.5 మిల్లీటెస్లా. 5 గాస్‌ను 5 మిల్లీటెస్లాగా చదివినవాడు పదిరెట్ల బలమైన క్షేత్రంలోకి రోగిని నడిపించినవాడగును. ఇక్కడ దశాంశ బిందువు కేవలం మార్కుల విషయం కాదు, ప్రాణం విషయం.

విద్యార్థి మిత్రులకు మూడు మాటలు. సంఖ్య వ్రాసిన ప్రతిచోట ప్రమాణం వ్రాయుడు. సూత్రం ఏ పద్ధతిదో చూచిన పిమ్మటనే విలువలు ప్రతిక్షేపించుడు. లెక్క మధ్యలో పద్ధతి మార్చకుడు. ఫలితం వచ్చిన పిమ్మట అది సంభవమా యని ఒక్క క్షణం ఆలోచించుడు. అరచేతిలో ఇమిడిన అయస్కాంతం 60 కిలోల ఇనుముతో సమానం కాజాలదు.

కళాశాల సంఘం పెద్దలకు ఒక విన్నపం. అలమారలోని పాత గ్రంథాలను తీసివేయవలదు. వాటిలో మన ముందుతరాల శ్రమ ఉన్నది. ప్రతి పుస్తకం మొదటి పుటపై 'సి.జి.ఎస్.' లేదా 'ఎస్.ఐ.' అని ముద్ర వేయించుడు. పైన ఇచ్చిన మార్పిడి పట్టికను తెలుగు, ఉర్దూ, ఆంగ్ల భాషలలో పెద్ద అక్షరాలతో వ్రాయించి ప్రయోగశాల గోడపై వ్రేలాడదీయించుడు. దానికగు ఖర్చు స్వల్పం. రాబోవు సంవత్సరం ఏ విద్యార్థి పుస్తకంలోను 14,008 కనబడకున్నచో ఆ ఖర్చు సార్థకమైనట్లే.